మగ్గం లేని రోజు మాత్ర

మా అక్కకు గుండెజబ్బు ఉందని తేలిన రోజు, ఆమె డాక్టరును అడిగిన మొదటి మాట, "మగ్గం నేయచ్చునా సార్?" అని. నాకు ఒళ్ళు మండిపోయింది. ప్రాణం మీదికొచ్చిందిరా దేవుడా అని నేను వణుకుతుంటే ఈమెకు మగ్గం కావలసి వచ్చింది. డాక్టరు ముందు అరవలేక పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాను. ఆయన మాత్రం నవ్వి, "మాత్రలు సరిగ్గా వేసుకుంటే మెల్లగా నేసుకోవచ్చమ్మా" అన్నాడు. ఆమె ముఖం వెలిగింది. ఆ వాక్యాన్ని ఆమె ఎలా అర్థం చేసుకుందో ఆయనకూ తెలియలేదు, నాకూ తెలియలేదు.

అక్క నాకంటే చాలా పెద్దది. నన్ను చంకనేసుకుని తిరిగిన మనిషి. ధర్మవరంలో పట్టుచీరలు నేస్తుంది. పిల్లలు లేరు. బావ పోయాక ఆయన కూర్చున్న మగ్గంలోనే తాను దిగి కూర్చుంది. నేలలో గుంత తీసి, అందులో కాళ్ళు పెట్టుకుని చెక్కలు తొక్కుతూ నేసే మగ్గం అది. ఇంట్లో ముందు గదినంతా మగ్గమే మింగేసింది. మనుషులకు మిగిలింది వెనకున్న ఒక్క గది. నేను హిందూపురంలో పట్టుగూళ్ళ మార్కెట్లో తూకం దగ్గర పని చేస్తాను. "నేను తూచి పంపకపోతే నీకు నేసేదానికి దారమే ల్యా, గుర్తు పెట్టుకో" అని ఆమెను ఆటపట్టించడం నాకు అలవాటు. "తూచేవాడికి ఏం తెలుస్తాదిరా నేసేవాళ్ళ నడుము నొప్పి" అని ఆమె అంటుంది.

నొప్పి మొదట మగ్గంలోనే వచ్చింది. చెక్కలు తొక్కుతుంటే రొమ్ము మధ్యలో ఎవరో బరువు పెట్టినట్టు ఉండేదట. ఆ బరువు ఎడమ చేతికీ దవడకూ పాకేది. ఆగి కాసేపు కూర్చుంటే తగ్గిపోయేది. గ్యాస్ అనుకుని సోడా తాగింది, వాము నమిలింది. చివరికి ఒకరోజు చీర అంచు దగ్గర, అడ్డదారం నడిపే నాడె చేతిలోంచి జారిపోయి, చెమటలు పట్టి, పక్కింటామె నాకు ఫోను చేస్తే పరుగెత్తాను. గుండెకు రక్తం మోసే నాళాలు సన్నబడ్డాయనీ, ఒళ్ళు కష్టపడినప్పుడు గుండెకు కావలసినంత రక్తం అందక ఆ నొప్పి వస్తుందనీ డాక్టరు చెప్పాడు. రోజూ పొద్దున వేసుకునేవి కొన్ని, రాత్రి అన్నం తిన్నాక వేసుకునేవి కొన్ని రాసిచ్చాడు. ఇంకో చిన్న మాత్ర నొప్పి వచ్చినప్పుడు మాత్రమే. ఎక్కడున్నా ముందు కూర్చోవాలి, దాన్ని నాలుక కింద పెట్టుకోవాలి, మింగకూడదు. ఐదు నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే ఇంక ఆలోచించకుండా అంబులెన్సు పిలవాలి. ఇదంతా బస్సులో మళ్ళీ చెప్పాను, ఇంటికొచ్చాక మళ్ళీ చెప్పాను. ఆమె చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. అన్నిటికీ "ఊఁ" అంది.

ఆ తర్వాత ఏడాది పైగా గడిచింది. నేసేటప్పుడు నొప్పి దాదాపు పోయింది. కానీ ఒక విచిత్రం మొదలైంది. పండగ వస్తే ఆమెకు బాగుండేది కాదు. అమావాస్య నాడు మగ్గం నేయరు కదా, ఆ రోజూ ఆ మరుసటి రోజూ నలతగా ఉండేది. ఒక పడుగు అయిపోయాక, అంటే మగ్గానికి ఎక్కించిన నిలువు దారమంతా చీరలుగా నేసేశాక, షావుకారు కొత్త పడుగు పంపేదాకా మగ్గం ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ రోజుల్లోనే ఆమెకు గుండె దడ, ఆయాసం, రొమ్ములో పట్టేసినట్టు నొప్పి.

"చూస్తివా, పనిలో ఉంటే ఏమీ ల్యా. కూచుంటే రోగమొస్తాది నాకు," అనేది.

"నీకు రోగం గుండెలో కాదక్కా, బుర్రలో ఉండాది," అనేవాణ్ణి నేను.

ఈ సంగతి చెబితే డాక్టరు మాత్రం నవ్వలేదు. కష్టపడినప్పుడు వచ్చే నొప్పి కంటే ఊరికే కూర్చున్నప్పుడు వచ్చే నొప్పి ప్రమాదమన్నాడు. మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నావా అని అడిగితే, "ఒక్కనాడు తప్పిందే ల్యా సార్" అని ఆమె ఆయన కళ్ళలోకి చూసి చెప్పింది. అబద్ధం ఆడే మనిషి కాదు మా అక్క. అది నాకూ తెలుసు, ఆయనకూ అర్థమైంది. దాంతో ఆయన మాత్రల మోతాదు పెంచాడు. పెద్దాసుపత్రిలో నాళాల పరీక్ష చేయించుకోమన్నాడు. అంతవరకు విశ్రాంతి తీసుకోమన్నాడు.

ఆ విశ్రాంతి కోసమే, ఒక పడుగు అయిపోగానే ఆమెను హిందూపురం తీసుకొచ్చాను. బతిమాలి, తిట్టి, మా ఆవిడ చేత కూడా ఫోను చేయించి తెచ్చాను. మా ఆవిడకు మా అక్క అంటే ప్రాణం. వచ్చీ రాగానే మంచం కిటికీ పక్కకు జరిపింది. కూరలు తరగనివ్వలేదు, చీపురు పట్టనివ్వలేదు. మా పక్కింటామె సగం కన్నడం, సగం తెలుగులో కబుర్లు చెప్పడానికి వచ్చేది. అక్క ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఆ చేతులతో ఏం చేయాలో తెలియనట్టు కూర్చునేది. ఒక్కోసారి కుర్చీలో కూర్చునే కాళ్ళు ఆడించేది. మగ్గం తొక్కుతున్నావా అని నేను నవ్వితే సిగ్గుపడి ఆపేసేది.

"వదినా, మాత్రలేసుకున్యావా?" అని మా ఆవిడ రోజూ అడిగేది.

"నా మాత్రల సంగతి నాకు తెలుసులేమ్మే. సరిగానే చూసుకుంటాండా," అని జవాబు.

మొదటి రెండు రోజులు బాగానే ఉంది. తర్వాత ముఖం పీక్కుపోయింది. మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేది. నేను మార్కెట్ నుంచి వచ్చేసరికి రొమ్ము మీద అరచెయ్యి పెట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చుని ఉండేది. పరీక్ష ఇంకా తొందరగా చేస్తారేమో కనుక్కుంటానంటే, "పండుకోబెట్టి చంపుతాండావు నన్ను. మగ్గం దగ్గర వదిలిపెట్టు, అదే సర్దుకుంటాది" అని ఆమె పట్టుబట్టింది. ఇద్దరం గట్టిగా అరుచుకున్నాం. అంతలో ధర్మవరం నుంచి షావుకారు ఫోను చేశాడు. పక్కింట్లో తాళంచెవి అడిగి కొత్త పడుగు తెచ్చి ఇంట్లో పెట్టిపోయామని, దాన్ని మగ్గం మీది పాత పోగులకు అతికేవాళ్ళను కూడా మాట్లాడామని చెప్పాడు. ఇంకేముంది, ఆమె సంచి సర్దేసుకుంది.

ఆమెను ఆపడం నా వల్ల కాలేదు. కనీసం ఒంటరిగా పంపకూడదని సెలవు పెట్టి నేనూ బయలుదేరాను. పరీక్ష రోజు దాకా ధర్మవరంలోనే ఉండి, అటునుంచి అటే పెద్దాసుపత్రికి తీసుకుపోదామని నా లెక్క. పొద్దున ప్యాసింజరు ఎక్కాం. ఎండ అప్పుడే చుర్రుమంటోంది. కిటికీ పక్కన కూర్చున్న అక్క చాలాసేపు హుషారుగానే ఉంది. కొత్త పడుగు రంగు ఏమయ్యుంటుందో, అంచు పెద్దదా చిన్నదా అని తనలో తానే మాట్లాడుకుంటోంది. పెనుకొండ కొండ కనబడేసరికి ఆ మాటలు ఆగిపోయాయి.

చూస్తే ఆమె ముఖం బూడిద రంగుకు తిరిగింది. పైపెదవి మీద చెమట. చెయ్యి దవడ మీద ఉంది.

"అక్కా, నొప్పా?"

తల ఊపింది. అంతే. నా పైప్రాణాలు పైనే పోయాయి. పెనుకొండలో బండి ఆగగానే ఆమెను నడుము పట్టుకుని దింపి ప్లాట్‌ఫారం మీద బెంచీలో కూర్చోబెట్టాను. నాలుక కింద మాత్ర కోసం ఆమె సంచి తెరిచాను. చీరలు, తువ్వాలు, దువ్వెన, మా ఆవిడ కట్టిచ్చిన కారం బొరుగుల పొట్లం. మాత్ర లేదు. నొప్పి మాత్ర సంగతి అటుంచి, రోజూ వేసుకునే మాత్రల రేకులు కూడా లేవు. సంచిని బోర్లించాను.

"యాడ పెట్టినావక్కా మాత్రలు?"

అప్పటికే పక్కన నలుగురు చేరారు. ఎవరో స్టేషన్ వాళ్ళ దగ్గరికి పరుగెత్తారు అంబులెన్సు కోసం. మా పెట్టెలోంచే దిగిన ఒక పెద్దాయన జేబులోంచి చిన్న డబ్బీ తీశాడు. అందులో రకరకాల మాత్రలు, రేకుల్లోంచి ఊడదీసినవి, ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయి. ఒక తెల్ల మాత్ర ఏరి నా చేతిలో పెట్టాడు.

"ఏమప్పా, ఆలోచిస్తాండావు? నాకూ గుండెదే. ఇదే మాత్ర. నోట్లో ఎయ్యి, తగ్గుతాది," అన్నాడు.

మంచి మనిషే. సాయం చేయాలని చేసిందే. ఇంకొకరి మాత్ర ఇవ్వకూడదని నాకు తెలుసు. తెలిసినా ఆ క్షణంలో నేను దాన్ని ఆమె నోటి దగ్గరికి తీసుకుపోయాను. ఏదో ఒకటి చేయకుండా ఆమె ముఖం చూస్తూ నిలబడటం నా వల్ల కాలేదు. అక్క పెదవులు బిగించింది. తల పక్కకు తిప్పుకుంది. చెంపమీద కొట్టాలన్నంత కోపం వచ్చింది నాకు.

"నోరు తెరువక్కా!"

"మగ్గం ల్యాకుండా మాత్ర యాలరా?" అంది, ఊపిరి అందక ముక్కలు ముక్కలుగా.

మతి తప్పి మాట్లాడుతోందనుకున్నాను. మళ్ళీ అదే మాట అంది. "ఇంటికి పోయి, మగ్గంలో దిగేటప్పుడు ఏసుకుంటా."

అప్పుడు అర్థమైంది నాకు. ఏడాది పైగా ఆమె ఏం చేస్తూ వచ్చిందో ఆ బెంచీ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నప్పుడు తెలిసింది. అమావాస్యలు, పండగలు, పడుగుకూ పడుగుకూ మధ్య ఖాళీలు, మా ఇంట్లో ఈ విశ్రాంతి. డాక్టరు చెప్పాడు కదా, మాత్రలు వేసుకుంటే నేసుకోవచ్చని. నేసే రోజున వేసుకుంది. నేయని రోజున వేసుకోలేదు. ఆమె ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చేశాను. ఆ తెల్ల మాత్ర నా గుప్పిట్లోనే ఉండిపోయింది.

అంబులెన్సు వచ్చింది. పెనుకొండ ప్రభుత్వాసుపత్రిలో ఆమెకు వెంటనే సూది వేశారు, ఆక్సిజన్ పెట్టారు, ఈసీజీ తీశారు. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మకు నా గుప్పిట తెరిచి ఆ మాత్ర చూపించాను. "రేకు లేకుండా వట్టి మాత్ర చూసి నేనేం చెప్పేదయ్యా? బీపీదో, షుగర్‌దో, ఏదైనా కావచ్చు. ఈమెకు బీపీ తక్కువగా ఉంది. మింగి ఉంటే ఏమయ్యేదో" అని దాన్ని తీసి చెత్తబుట్టలో పడేసింది. తర్వాత అక్క వైపు తిరిగింది.

"ఎప్పటి నుంచి ఆపేశావమ్మా మాత్రలు?"

"ఆపల్యా మేడం. మగ్గం ల్యాకపాయె, అంతే," అంది అక్క.

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను మగ్గం సంగతంతా చెప్పాను. ఆమె విసుక్కోలేదు. కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చుంది. గుండె ఆదివారం కూడా కొట్టుకుంటుంది, అమావాస్య నాడూ కొట్టుకుంటుంది, నిద్రలోనూ కొట్టుకుంటుంది, దానికి సెలవు లేదని చెప్పింది. రోజూ వేసుకునే మాత్ర గుండె వేగాన్ని పట్టి ఉంచుతుందనీ, అలవాటు పడ్డాక దాన్ని ఉన్నట్టుండి మానేస్తే గుండె మీద ఒక్కసారిగా భారం పడి, ఊరికే కూర్చున్నా నొప్పి వస్తుందనీ చెప్పింది. డాక్టరును అడగకుండా ఒక్కరోజు కూడా మానకూడదంది. అక్క బుద్ధిగా విన్నది. అర్థమైందా అంటే, "అయింది మేడం" అంది. ఇన్నాళ్ళూ ఈమె "ఊఁ" అన్నప్పుడల్లా నమ్మిన నాకు ఆ మాట మీద నమ్మకం కలగలేదు.

మరునాడు ఆమెను పెద్దాసుపత్రికి పంపే ఏర్పాటు చేశారు. మా ఆవిడ హిందూపురం నుంచి వచ్చి ఆమె దగ్గర కూర్చుంది. పాత చీటీలు, రిపోర్టులు తీసుకురావడానికి నేను ధర్మవరం పోయాను. తలుపు తీస్తే ముందు గదిలో మగ్గం మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. పక్కన కొత్త పడుగు మూట, విప్పకుండా. మగ్గం పక్కనున్న గోడ గూట్లో దేవుడి పటం, దీపం కుందె, వాటి మధ్య మాత్రల రేకులు. రేకుల మీద కుంకుమ బొట్లు. నాలుక కింది మాత్రలు రేకుల్లోంచి ఊడదీసి పాత కుంకుమ భరిణెలో పోసి ఉన్నాయి. గాలి తగిలి ఎప్పుడో పాడైపోయినట్టున్నాయి, వేలితో తాకితే పొడి రాలింది.

తాళం తీసిన చప్పుడుకు పక్కింటామె వచ్చింది. "దినామూ పొద్దున మగ్గానికి మొక్కుకుని, ఆ మాత్రలకు కూడా మొక్కుకుని, ఏసుకుని దిగుతాదప్పా మీ అక్క. అంత భక్తి నాకు దేవుడి మీద కూడా ల్యా," అంది.

నాకు ఏడవాలో అరవాలో తెలియలేదు. బొట్లు తుడవబుద్ధి కాలేదు. పాతవన్నీ ఒక సంచిలో వేసుకుని పెద్దాసుపత్రి డాక్టర్లకు చూపించాలని తీసుకున్నాను. కొత్త పడుగు వాపసు తీసుకోమని షావుకారుకు ఫోను చేశాను. ఆయన పాపం, మగ్గం గురించి కాదు, ఆమె గురించే అడిగాడు.

పెద్దాసుపత్రిలో నాళం పూడుకుపోయిన చోట స్టెంటు వేశారు. గండం గడిచిందన్నారు గానీ, మాత్రలు ఇదివరకటి కంటే ఎక్కువే రాశారు. కొన్ని నెలలు మగ్గం వైపు చూడవద్దన్నారు. మాత్రలు ఒక్కపూట మానినా వేసిన స్టెంటు మూసుకుపోయే ప్రమాదం ఉందన్నారు. ఆమెను మళ్ళీ హిందూపురం తెచ్చుకున్నాం. నాకు నిద్ర పట్టడం లేదు. మగ్గంతో ముడిపెట్టుకుని వేసుకున్న మనిషి, ఆ మగ్గమే లేకుండా ఇన్ని నెలలు ఎలా వేసుకుంటుంది? పొద్దున నేను ఇస్తాను, రాత్రి మా ఆవిడ ఇస్తుంది. మేం ఎదురుగా నిలబడి మింగేదాకా చూస్తాం. పిల్లలకు పట్టించినట్టు పట్టిస్తున్నారని ఆమె గొణుగుతుంది.

ఒకరోజు పొద్దున మాత్ర అరచేతిలో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. నేను మార్కెట్‌కు పోవాలి. టైమవుతోంది.

"ఏసుకో అక్కా. డాక్టరమ్మ చెప్పిందంతా మరిచిపోతివా?"

"మరిచిపోలేదురా. అంతా తెలుసు. తెలిసినా గొంతు దిగల్యా."

"యాల దిగదు?"

అరచేతిలోని మాత్రను బొటనవేలితో అటూ ఇటూ దొర్లించింది.

"నేసేటప్పుడు ఏసుకుంటే, పనికి తగ్గట్టు ఏసుకున్యా అనిపిస్తాండె. ఇప్పుడు ఏం చేస్తాండానని ఏసుకోవాల? మీ ఇంట్లో కూచుని తింటాండా. ఊరికే కూచునేదానికి కూడా మందెందుకురా? ఎవరికి పనికొస్తాండానని?"

ఇంతకాలం ఆమె తెలియక మానేసిందని అనుకున్నాను. ఆ తెలియనితనం కింద ఇది ఉంది. దీనికి ఏ డాక్టరు రాసిచ్చిన చీటీలోనూ మందు లేదు. నాకు కోపం నషాళానికి అంటింది. ఆ కోపంతో పాటే కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి, దాచుకోలేదు.

"నీతో నేను ఎప్పుడన్నా ఒక్క చీర నేయించుకున్యానా అక్కా?" అన్నాను. "ఒక్కటన్నా? మరి నువ్వు పోతే నాకేం నష్టం? చెప్పు. ఆ ప్లాట్‌ఫారం మీద నేను యాల అట్లా ఏడిస్తి?"

ఆమె నా ముఖంలోకి చూసింది. చిన్నప్పుడు పడి మోకాలు చెక్కుకుని వస్తే చూసినట్టు చూసింది. తర్వాత చీర కొంగుతో నా కళ్ళు ఒత్తి, మాత్ర నోట్లో వేసుకుని, నీళ్ళ కోసం చెయ్యి చాచింది.

"ఓరి పిచ్చోడా," అంది, నీళ్ళు మింగాక. "ఈ మాట ఇన్ని దినాలూ ఒక్క డాక్టరన్నా చెప్పల్యా చూడు."